పగులు ఎటు పోయిందో ముందు చూడండి

పాఠకుల ప్రశ్నలు: చేతికర్రల పని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పగుళ్ల గురించే. ఏటా కాలువలకి నీళ్లు ఆపేసి, పడమటి వడగాలి మొదలయ్యాక ఇలాగే వస్తాయి. అందరూ అడిగేది ఒకటే: ఏం పెట్టి పూడ్చాలి? నేను మాత్రం ముందు ఇంకొకటి అడుగుతాను. పగులు ఎటు పోయింది? నార వెంట నిలువుగా దిగిందా, నారకు అడ్డంగా వచ్చిందా, పిడి చుట్టూ తిరిగిందా? ఏం పెట్టాలన్నది ఆ తర్వాతి సంగతి. బీరువా తలుపు బీట తీస్తే చూడ్డానికి బాగోదు, అంతే. చేతికర్ర అలా కాదు. దాని మీద ఒక పెద్దమనిషి బరువు ఉంటుంది. అది విరిగితే ఆయన తుంటి ఎముక విరుగుతుంది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

*

ప్రశ్న: అమ్మా, 1986 వరదకి మా లంకలోకి కొట్టుకొచ్చిన టేకు దుంగతో తాతగారు చేయించుకున్న కర్రని ఇప్పుడు నాన్నగారు వాడుతున్నారు. సంక్రాంతి వెళ్లాక ఆయన్ని హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. మార్చికల్లా పిడికి జానెడు కింద సన్నటి బీట కనిపించింది. ఇప్పుడు అందులో గోరు దిగుతోంది. ఇన్నేళ్ల కర్ర ఇప్పుడు పగలడమేంటి? బాగవుతుందా? నాన్నగారికి దాని గురించే టెన్షన్.
(ముక్తేశ్వరం దగ్గర లంక గ్రామం, ప్రస్తుతం హైదరాబాద్)

జవాబు: బాబూ, ముందు నాన్నగారికి చెప్పండి, మీరు రాసినదాన్ని బట్టి ఆ కర్ర బాగయ్యే కర్రే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. పైనుంచి దుంగలు కొట్టుకొచ్చిన ఆ రోజులు లంకల్లో వాళ్లకి ఇంకా గుర్తే. అప్పటి టేకుని ఎవరు మాత్రం వదులుకుంటారు?

కర్ర ఎంత పాతదైనా గాలిలో తేమని పీల్చుకోవడం, వదలడం మానదు. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట కర్రలో నీరు దాని ఎండు బరువులో 16 శాతం దాకా ఉంటుంది. అదే కర్రని తేమ 40 శాతం ఉన్న గదిలో పెడితే అది 8 శాతం దగ్గరికి దిగుతుంది. మన కాలువ గట్టు మీద ఇన్నేళ్లు ఉన్న కర్ర హైదరాబాద్ ఎండాకాలంలో, అందులోనూ ఏసీ గదిలోకి వెళ్తే జరిగేది ఇదే. నీరు పోయినకొద్దీ కర్ర కుంచించుకుంటుంది. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. నడిమి నుంచి అంచు వైపు కొంత తగ్గుతుంది. చుట్టుకొలత దిశలో మాత్రం దానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతుంది. పై పొర బిగుసుకుపోతుంది, లోపలిది అంతగా తగ్గదు, చివరికి పైన నిలువుగా విచ్చుకుంటుంది. మీ కర్రకి వచ్చింది ఈ పగులే అనుకుంటున్నాను. అయినా మీరే చూసుకోండి.

మెత్తని గుడ్డని స్పిరిట్‌తో తడిపి, బీట ఉన్నచోట పైనా కిందా బాగా తుడవండి. చుట్టుపక్కల స్పిరిట్ ఇట్టే ఆరిపోతుంది, పగులులో దిగింది మాత్రం కాసేపు నల్లగా గీతలా నిలుస్తుంది. కంటికి ఆనని చివరలు అప్పుడు తెలుస్తాయి. పగులు మొదలైనచోటా ఆగినచోటా పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ వేయండి. తర్వాత కర్రని రెండు ఇటుకల మీద పడుకోబెట్టి, నడుమ అరచేత్తో నొక్కండి. బీటని పైకి ఉంచి ఒకసారి, పక్కకి తిప్పి ఒకసారి. నొక్కినప్పుడు అంచులు కదిలినా, కిర్రుమన్నా, బీట అవతలి వైపుకి కూడా కనిపించినా, పైకి పాకి పిడి బిగించిన బెజ్జంలో కలిసినా ఇంట్లో పని పెట్టుకోకండి. కర్రలు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అంచులు కదలకుండా, లోతు కర్ర మందంలో మూడో వంతు దాటకుండా ఉంటే మీరే చేసుకోవచ్చు.

ఎప్పుడు చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. బీట బాగా తెరుచుకున్న ఏప్రిల్, మే నెలల్లో గట్టి సరుకు కూరేస్తే వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు దానికి చోటుండదు. కూరినది మేకులా పనిచేసి పగులుని ఇంకా పొడుగు చేస్తుంది. పోనీ వానాకాలం నడుమ, బీట మూసుకున్నప్పుడు చేద్దామంటే జిగురు లోపలికి దిగదు. అందుకని కర్ర ఎక్కడ ఉండబోతోందో ముందు తేల్చుకోండి. నాన్నగారు ఇక మీ దగ్గరే ఉంటారంటే కర్రని ఏసీ లేని గదిలో, ఎండ పడనిచోట, రెండు మూడు వారాలు పడుకోబెట్టి, అక్కడే బాగు చేయండి. తొలకరికి ఊరు వచ్చేస్తారంటే ఆగండి. ఊళ్లో నెల రోజులు ఉంచాక బీట ఎంత మిగిలిందో చూసి, మిగిలినంతే పూడ్చండి. ఈలోపు నాన్నగారికి వేరే కర్ర కొనివ్వండి. బీటతో ఉన్న కర్ర ఇచ్చి రోజులు నెట్టకండి.

ఇక పని. గడ్డం గీసుకునే బ్లేడుతో, పాత టూత్‌బ్రష్‌తో బీటలోని మట్టి, పాత పాలిష్ తీసేయండి. థిన్నర్ చుక్కలు వేసి మళ్లీ బ్రష్ చేసి పూర్తిగా ఆరనివ్వండి. బీటకి రెండు పక్కలా అంచుకి ఆనించి మాస్కింగ్ టేపు అంటించండి. లేకపోతే జిగురు మరక దిగి, ఎంత రుద్దినా పోదు. జిగురు రెండు ట్యూబులుగా వచ్చే అరాల్డైట్ రకం తీసుకోండి. 5 నిమిషాల్లో పట్టేది కాకుండా రాత్రంతా టైం తీసుకునేది కొనండి. అది లోతుకి దిగుతుంది, పట్టు కూడా ఎక్కువ. ట్యూబులు మూతలు బిగించి గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే లోపలి సరుకు పలచబడుతుంది. రెండూ సమంగా తీసి, రెండు మూడు నిమిషాలు ఆపకుండా కలపండి. ఇక్కడ తొందరపడితే జిగురు ఎప్పటికీ జిడ్డుగానే ఉండిపోతుంది.

బీట ఉన్నచోట హెయిర్ డ్రయ్యర్‌తో కర్రని వెచ్చబెట్టి, ఆ వెచ్చదనం ఉండగానే జిగురు వేయండి. చల్లారుతున్నప్పుడు పగులులోని గాలి కుంచించుకుని జిగురుని లోపలికి లాక్కుంటుంది. పైన వేసింది దిగిపోయి గుంట కనిపిస్తుంది. మళ్లీ వేయండి. అది ఆగేదాకా అలాగే వేస్తూ ఉండండి. తర్వాత పైన పాలిథిన్ ముక్క చుట్టి, సైకిల్ ట్యూబుని రిబ్బన్‌లా కోసి దాని మీద చుట్టండి. కదలకుండా ఉంటే చాలు. బీట మూసుకుపోయేలా బలవంతంగా బిగించకండి. అలా మూయిస్తే ఆ బిగువంతా కర్ర అవతలి వైపు చేరి, వచ్చే ఎండాకాలం అక్కడ ఇంకో బీట పుడుతుంది. ఒక రోజంతా వదిలేయండి.

గోరు దిగుతోంది అన్నారు కాబట్టి ఒట్టి జిగురు కంటే సన్నటి పుల్ల దించడం మేలు. టేకు ముక్క నుంచి, నార పొడుగునా ఉండేటట్టు, ఒక అంచు పలచగా ఉండే పుల్ల చీల్చుకోండి. ఎండిన ముక్కే అయి ఉండాలి. బీటలో జిగురు వేశాక పుల్లని వేలితో నొక్కి దించండి. సుత్తితో కొట్టకండి, కొడితే బీట పెరుగుతుంది. పైకి కొంచెం పొడుచుకుని ఉండనివ్వండి. మర్నాడు పదునైన ఉలితో నార పోయే వైపుకే కొద్దికొద్దిగా చెక్కి, 120 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 220, ఆపైన 320తో నున్నగా చేయండి. పాలిష్ చేశాక గీత కనిపిస్తుంది. కనిపించనివ్వండి. మీ పెన్సిల్ తేదీని ఒక కాగితం మీద రాసి దాచుకుని, వచ్చే మార్చిలో ఆ చివరలు దాటి పగులు ముందుకి పోయిందేమో ఒకసారి చూడండి.

*

ప్రశ్న: అక్కా, డిగ్రీ అయ్యాక కర్రలు చేయడం నేర్చుకుంటున్నాను. వచ్చే మాఘంలో అంతర్వేది తీర్థానికి అమ్మాలని ఆశ. జామ కొమ్మలు, సరుగుడు కర్రలు కోసి తోలు తీసి డాబా మీద ఆరబెట్టాను. వారం తిరక్కుండా చివర్లన్నీ నక్షత్రాల్లా విచ్చుకుపోయాయి. ఏం కూరితే కప్పడుతుంది?
(రాజోలు)

జవాబు: తమ్ముడూ, వీటిలో ఏమీ కూరకు. పచ్చి కర్ర పగులు పూడ్చినా అది ఎండేదాకా పగులుతూనే ఉంటుంది. అమ్మే కర్రకి అసలే వద్దు.

కర్రలో నీరు నారల వెంట గొట్టాల్లో నుంచి నడుస్తుంది కదా, కోసిన చివరల నుంచి అది పక్కల కంటే ఎన్నో రెట్లు త్వరగా పోతుంది. చివర ఎండి కుంచించుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది, అందుకే చివర్లు విచ్చుకుంటాయి. నువ్వు తోలు కూడా తీసేశావు, పైగా డాబా మీద ఎండబెట్టావు. కోసిన గంటలోపే రెండు చివర్లకీ కరిగించిన మైనం గానీ, రెండు పూతలు ఎనామెల్ పెయింటు గానీ వేయాలి. కొమ్మలు నరికినచోట మిగిలే ముడుల మీద కూడా. మా ఇంట్లో పెద్దవాళ్లు పేడా బంకమన్నూ కలిపి మెత్తేవారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే ఎండి రాలినప్పుడల్లా మళ్లీ మెత్తాలి. తోలు ఉంచేయి. కావలసిన పొడుగు కన్నా రెండు వైపులా జానెడు ఎక్కువ కోసుకో, చివర పగిలినా ఆ మేర కోసి పారేయొచ్చు. గాలి ఆడే నీడలో, నేలకి ఆనకుండా అడ్డపుల్లల మీద పడుకోబెట్టు.

అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు అనే లెక్క చాలావరకు నిజమే. ఆ లెక్కతో పాటు తూకం కూడా చూసుకో. కిరాణా కొట్టులో డిజిటల్ కాటా మీద తూచి, బరువు కర్ర మీదే రాయి. నెలకోసారి తూచు. వరసగా రెండు నెలలు బరువు మారకపోతే కర్ర సిద్ధమైనట్టే. జామ గట్టి కర్ర, బాగా సాగుతుంది, పనిముట్ల పిడులకి వాడతారు, చేతికర్రకి భేషుగ్గా ఉంటుంది. సరుగుడు మాత్రం మొండిది. బరువెక్కువ, ఎండేటప్పుడు వంకర పోతుంది, చీలుతుంది. నీ మొదటి కర్రలకి అది వద్దనే చెబుతాను.

ఇంకొకటి. నడిమి మెత్తటి బెండు లోపల ఉంచుకుని గుండ్రంగా ఉన్న కొమ్మ ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా పగిలే గుణంతోనే ఉంటుంది. లావు కొమ్మ దొరికితే నిలువునా నాలుగు పాయలుగా చీల్చి, నడిమి భాగం రాకుండా ఒక్కో పాయ నుంచి ఒక్కో కర్ర తియ్యి.

వచ్చే మాఘానికి నువ్వు ఇప్పుడు కోసినవి ఆరవు. దానికొక దారి ఉంది. కోనసీమలో పాత మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు విప్పుతున్నారు. ఆ వాసాలు, తలుపు చట్రాలు అడితిల్లో అమ్మకానికి వస్తాయి. దశాబ్దాల పాటు కప్పు కింద ఆరిన టేకు అది. అయస్కాంతం పెట్టి మేకులు ఎక్కడున్నాయో చూసుకుని, మేకు బెజ్జాలు లేని మేర ఎంచుకో. ఈ ఏడాది తీర్థానికి వాటితో చెయ్యి, నీ జామ కర్రలు ఆపై ఏడాదికి.

*

ప్రశ్న: ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి బీటలో నింపాను. ఆరాక గుంట పడింది. మళ్లీ నింపి పాలిష్ చేస్తే ఆ మేర తెల్లటి మచ్చలా మిగిలింది. వడ్రంగులందరూ ఇదే చేస్తారు కదండీ?
(తణుకు)

జవాబు: చేస్తారండి. బల్లలకీ కుర్చీలకీ, బిగింపు కాస్త వదులైన సందులకీ చేస్తారు. తెల్ల జిగురు రెండు చెక్కలు ఒకదానికొకటి ఆనుకున్నచోట గొప్పగా పట్టుకుంటుంది. ఖాళీ నింపడానికి మాత్రం పనికిరాదు. అందులో ఉన్న నీరు ఎగిరిపోయాక సరుకు తగ్గుతుంది, అందుకే మీకు గుంట పడింది. ఎండిన జిగురులోకి పాలిష్ దిగదు, అందుకే మచ్చ. ఇప్పుడు దాని మీద ఇంకేదీ అంటదు. మొత్తం గోకి తీసేయాల్సిందే. గుడ్డని వేడి నీళ్లలో ముంచి పిండి, దాని మీద కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. తర్వాత వారం రోజులు ఆరనిచ్చి, పైన చెప్పిన అరాల్డైట్ పద్ధతిలో చేయండి.

పొట్టు కలపాలంటే రంపపు పొట్టు వద్దు, అది మోటుగా ఉంటుంది. అదే కర్రని సాండ్ పేపర్‌తో రుద్దితే వచ్చే మెత్తని పొడి వాడండి. జిగురులో కలిశాక పొడి రంగు ముదురుతుంది కాబట్టి లేత రంగు పొడి తీసుకోండి. ముదురు కర్రలకి నేను బొగ్గుపొడి గానీ, ఎర్రటి కావిపొడి గానీ చిటికెడు కలుపుతాను. ఆ రెండూ ఎండకి వెలవవు. పసుపు, కుంకుమ కలిపిన కర్రలు కూడా నా దగ్గరికి వచ్చాయి. ఆ రంగులు నెలల్లో పోతాయి.

లక్క కరిగించి నింపడం కూడా పాత పద్ధతే. వేడి చాకుతో లక్కని కరిగించి గుంటలో దించి, చల్లారాక చెక్కేస్తారు. పైపై గీతలకి, నొక్కులకి చాలా అందంగా ఉంటుంది. దానికి బలం లేదు. ఎండలో నిలిపి తలుపులేసిన కారులో ఉంచితే మెత్తబడుతుంది కూడా.

మా నాన్నగారు తాళ్లరేవులో పడవలు కట్టేవారు. పలకల మధ్య సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోసేవారు. ఆ పని చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అక్కడ కూరేది నీళ్లు రాకుండా. బరువు మోసేది పలకలూ, వాటిని పట్టుకున్న మేకులూ. కర్రలో పగులుకి అటూ ఇటూ ఉన్న రెండు అంచులూ మళ్లీ ఒకటై బరువు మోయాలి. ఇక్కడ కావలసింది పట్టు. సందు కప్పడిందా లేదా అని చూసుకుని తృప్తిపడొద్దు.

*

ప్రశ్న: బీట మీద నూలు దారం గట్టిగా చుట్టి, చిన్న ట్యూబులో వచ్చే ఇన్‌స్టంట్ జిగురు పోశాను. పొగ వచ్చి వేలు కాలింది. నకిలీ సరుకా?
(భీమవరం)

జవాబు: నకిలీ కాదండి. ఆ రకం జిగురు నూలుతో, ఉన్నితో కలిస్తే ఒక్కసారిగా గట్టిపడుతూ బాగా వేడి పుట్టిస్తుంది. నూలు దారం, దూది, నూలు గుడ్డ, చేతికి నూలు గ్లవుజులు, ఏవీ దాని దగ్గర ఉండకూడదు. తుడవాలంటే ప్లాస్టిక్ ముక్కతో గీకండి. కిటికీ తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయండి.

వెంట్రుకంత సన్నటి పగుళ్లకి ఆ జిగురు మంచిదే. నీళ్లలా పలచగా ఉండే రకం అయితే దానంతటదే లోపలికి పాకుతుంది. అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన వైపు వానాకాలంలో మరీ త్వరగా పట్టేసి, చుట్టూ తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పొడి వాతావరణం ఉన్న రోజు చూసుకుని, ఒక్కో చుక్కే వేయండి.

*

ప్రశ్న: 1996 నవంబరు తుఫానుకి మా పెరట్లో పనస చెట్టు పడిపోయింది. దాని కొమ్మతో మా మామగారు స్వయంగా చేసుకున్న కర్ర ఇది. ఆయన పోయాక అత్తయ్యగారు వాడుతున్నారు. ఈమధ్య నడుమ భాగంలో అడ్డంగా సన్నటి ముడతలాంటి గీత కనిపించింది. చేత్తో తడిమితే తెలిసీ తెలియనట్టుంది. చాలా చిన్నదే. పైన జిగురు రాస్తే సరిపోతుందా?
(ముమ్మిడివరం)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి వెంటనే అత్తయ్యగారి చేతిలోంచి ఆ కర్ర తీసుకోండి. ఈ రోజే. ఆ తర్వాత మిగతాది చదవండి.

మొదటి ఉత్తరంలో గోరు దిగేంత బీట ఉన్నా కర్ర బాగవుతుందన్నాను. మీది కంటికి ఆనీ ఆననట్టున్నా వాడొద్దంటున్నాను. తేడా అంతా దిక్కులోనే ఉంది. నిలువు పగులు నారల మధ్య వస్తుంది, నారలు తెగవు. అడ్డం గీత ఉందంటే నారలే నలిగాయి. పెద్ద గాలికి చెట్టు వంగినప్పుడు ఒక వైపు సాగుతుంది, రెండో వైపు నొక్కుకుపోతుంది. నొక్కుకున్న వైపు నారలు ముడత పడి నలిగిపోతాయి. తుఫానుకి పడిన చెట్ల కలపలో ఇది ఉండే అవకాశం ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు కనిపించదు, చిత్రిక పట్టినప్పుడు కూడా ఒక్కోసారి కనిపించదు. పాలిష్ అరిగి, చేతి చమట పట్టి, ఏళ్ల తర్వాత గీతగా బయటపడుతుంది. మామూలు కర్ర విరిగే ముందు కిర్రుమంటుంది, పేళ్లుగా చీలుతుంది, మనిషి సర్దుకోవడానికి క్షణమైనా ఇస్తుంది. ఇలాంటి కర్ర సుద్దముక్క విరిగినట్టు ఫటుక్కున రెండవుతుంది.

జిగురు ఎందుకు పనికిరాదంటే, తెగిన నారల కొసల్ని కొసలకి అంటిస్తే ఏ జిగురుకీ నిలకడైన పట్టు ఉండదు. కొందరు లోపల ఇనుప చువ్వ దించుతామంటారు. అంత సన్నటి కర్రకి నిలువునా బెజ్జం వేస్తే మిగిలిన బలం కూడా పోతుంది. బయట రాగి గొట్టం తొడగమంటారు. గొట్టం అంచు దగ్గర, ఒక అంగుళం అవతల విరుగుతుంది. ఎవరు చేస్తానన్నా వద్దనండి.

మామగారు చేత్తో చెక్కిన పిడి ఉంటుంది కదా, అది దక్కించుకోవచ్చు. పిడిని కూడా స్పిరిట్‌తో తుడిచి, అడ్డం గీతలు లేవని చూసుకుని జాగ్రత్తగా విడదీయించండి. బాగా ఎండిన టేకుతో కొత్త కాడ చేయించి, 8 మిల్లీమీటర్ల మరల చువ్వ కాడలోకి 6, 7 సెంటీమీటర్లు, పిడిలోకి 3 సెంటీమీటర్లు దిగేలా అరాల్డైట్‌తో బిగించమనండి. బెజ్జం చువ్వ కంటే వెంట్రుకవాసి పెద్దది ఉండాలి, జిగురుకి చోటు కావాలి. అత్తయ్యగారి అరచేతికి అలవాటైన పిడి ఆవిడకే ఉంటుంది. పాత కాడని పారేయమనడం లేదు. ఇంట్లో దాచుకోండి, ఎవరూ పొరపాటున ఊతకి తీసుకోని చోట.

*

ప్రశ్న: తాటి చేవతో చేసిన కర్ర నాది. చూడ్డానికి నల్లటి చారలతో బాగుంటుంది. రెండుచోట్ల నారలు లేచి చేతికి గుచ్చుకుంటున్నాయి, అక్కడే చిన్న చీలిక. మామూలు కర్రలాగే చేయొచ్చా?
(నరసాపురం)

జవాబు: తాడిలోనూ కొబ్బరిలోనూ టేకులాగా ఏటేటా చేరే వలయాలుండవు. మెత్తటి పదార్థంలో గట్టి నల్ల పోగులు నిలువుగా నాటుకుని ఉంటాయి. అంచు వైపు పోగులు దట్టంగా, నడిమికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి. పోగు బలమైనదే, పోగుకీ పోగుకీ మధ్య పట్టు తక్కువ. కాబట్టి లేచిన పోగుని పట్టుకుని లాగకండి, మూరెడు లేచి వస్తుంది. దాని కిందికి పలచటి అరాల్డైట్‌ని ఇంజెక్షన్ సూదితో ఎక్కించి, పాలిథిన్ మీద సైకిల్ ట్యూబు చుట్టి అణచండి.

చీలిక ఉన్నచోట పైన చుట్టు కూడా కావాలి. మీకు దగ్గర్లోనే వలలు అల్లేవాళ్లుంటారు. సన్నటి నైలాన్ వల దారం తెచ్చుకోండి. చీలికకి రెండు అంగుళాలు కింద మొదలుపెట్టి రెండు అంగుళాలు పైదాకా, చుట్టుకి చుట్టు ఆనేలా బిగువుగా చుట్టి, దారం కొసని చుట్ల కిందికే లాగేయండి. ముడి వేయకండి, చేతికి తగులుతుంది. ఆ చుట్టు మీద అరాల్డైట్ పలచగా పూసి తడిపేయండి. ఆరాక గట్టి కట్టులా ఉండిపోతుంది. పట్టుకునేచోట పడితే జారదు కూడా. వెదురు కర్ర చీలినా ఇదే పని. బోలు వెదురు మాత్రం ఒక కణుపు దాటి రెండో కణుపులోకి చీలిందంటే మార్చేయండి.

*

ప్రశ్న: మా ఇంట్లో కొబ్బరి నూనెకి కొదవ లేదు. వారానికోసారి కర్రకి పట్టిస్తాం. అయినా పగుళ్లొచ్చాయి. జిగురు వేస్తే అంటడం లేదు.
(పాలకొల్లు)

జవాబు: కొబ్బరి నూనె ఆరి పొర కట్టే నూనె కాదమ్మా. ఆముదం కూడా అంతే. పైన మెరుపు ఇస్తుంది, తేమ రాకపోకల్ని పెద్దగా ఆపదు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది, కొన్నాళ్లకి వాసన వస్తుంది. మీ జిగురు అంటకపోవడానికి కూడా కారణం అదే. పగులు లోపలంతా నూనె ఉంది. థిన్నర్‌తో తడిపి, తెల్ల గుడ్డతో అద్ది తీయండి. గుడ్డకి పసుపు మరక అంటినంత కాలం నూనె ఉన్నట్టే. రోజుకోసారి చొప్పున, గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా చేసి, ఆ తర్వాతే అరాల్డైట్ వేయండి.

పట్టించాల్సింది అవిసె నూనె, కాచినది, హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. అది గాలి తగిలి గట్టిపడుతుంది. పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య కనీసం ఒక రోజు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. మూడు పూతలు చాలు. కర్ర అడుగు కొసకి కూడా రాయడం మర్చిపోవద్దు, తేమ ఎక్కువగా ఎక్కేది అక్కడి నుంచే. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టించి గుడ్డలకి దానంతటదే నిప్పు అంటుకోవచ్చు. దండెం మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

*

ప్రశ్న: నాన్నగారు రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తారు. కర్ర అడుగున ఇత్తడి పొన్ను వదులైంది. తీసి చూస్తే కింద రెండు అంగుళాల మేర చీలి, నల్లబడి ఉంది.
(రావులపాలెం)

జవాబు: రబ్బరు బుష్ అరిగి ఊడిపోయాక ఒట్టి పొన్నుతో నడిచి ఉంటారు. పొన్ను సందులోంచి తడి ఎక్కుతుంది, లోపల ఆరే దారి లేదు. నల్లబడినచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. మెత్తగా దిగితే అది కుళ్లిన కర్ర, ఆ మేర కోసేయాల్సిందే. గట్టిగా ఉంటే నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, తలకిందులుగా నిలబెట్టి, వెచ్చబెట్టిన పలచటి అరాల్డైట్‌ని కొసలోకి ఇంకినంతా ఇంకనివ్వండి. చీలికకి వల దారం చుట్టండి. చుట్టు మీద పొన్ను ఎక్కకపోతే ఆ మేర కర్రని దారం మందమంత ఆకురాయితో అరగదీసి చుట్టండి. తర్వాత పొన్నుని అరాల్డైట్‌తోనే బిగించండి. పక్కనుంచి మేకు కొట్టకండి, కొత్త చీలిక అక్కడే మొదలవుతుంది.

కోయాల్సి వస్తే ముందు ఎత్తు కొలవండి. నాన్నగారు రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, చేతులు మామూలుగా వేలాడదీయాలి. మణికట్టు దగ్గర ముడత ఎంత ఎత్తులో ఉందో పిడి పైభాగం అంత ఎత్తులో ఉండాలి. చాలామంది కర్రలు దీనికన్నా పొడుగ్గానే ఉంటాయి, అంగుళం కోసినా మేలే జరగొచ్చు. పొట్టి అయితే మాత్రం కాడ మార్చండి. కర్రని నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకుంటున్నారో లేదో కూడా ఒకసారి చూడండి.

కొత్త బుష్ కొనేటప్పుడు లోపలికి వేలు పెట్టి, అడుగున ఇనుప వాషర్ ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే పొన్ను అంచు రబ్బరుని నెలల్లోనే కోసేస్తుంది. అడుగున వలయాలు అరిగి నున్నబడగానే మార్చేయండి. గట్టు మీద తడి మట్టిలో నడిచే మనిషికి ఒకటి ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉంచండి.